స్వరం నిలబడితే నాదం కదులుతుంది

(బెంగళూరు మల్లేశ్వరంలో తెలుగు సంగీతాభిమానులు నెలకోసారి కలుసుకునే సాయంత్రం చేసిన ప్రసంగం. మాటల తడబాట్లు మాత్రం సరిచేసి, మిగతాది ఉన్నదున్నట్టు ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం.

పోయిన నెల ఇక్కడే కాఫీ తాగుతుంటే ఒక అమ్మగారు నన్ను పిలిచి అడిగారు. "నువ్వు సైకడెలిక్ సంగీతం వింటావంట గదా నాయనా. అది మత్తులో ఉన్నవాళ్ళు వినేది గదా, నీకెట్లా పట్టింది?" అని. అప్పుడు నిలబడి రెండు ముక్కలు చెప్పాను గానీ నాకే తృప్తిగా అనిపించలేదు. ఇంటికి పోయినాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. అరవైల్లో ఇంగ్లండు, అమెరికా రాక్ బృందాలు మొదలుపెట్టిన ఈ సంగీతాన్ని ముప్పై ఏళ్ళకు పైగా వింటున్నాను. అందులో ఏముందని అడిగితే రెండు ముక్కల్లో తేల్చడం సరికాదనిపించి, ఈ నెల నాకు గంట సమయం ఇవ్వమని నేనే అడిగాను.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. మాది హిందూపురం దగ్గర పల్లె. 1988లో బెంగళూరు వచ్చాను. పీణ్యలో మోటార్ రీవైండింగ్ పని. కాలిపోయిన మోటారు తెస్తే పాత కాయిల్ కోసి తీసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి, తిప్పి చూసి ఇవ్వడం. ఆ పనిలో కన్ను ఎంత ముఖ్యమో చెవి అంత ముఖ్యం. బేరింగ్ అరిగిందా, ఫేజు పోయిందా, రోటరు రాసుకుంటోందా అన్నది చేత్తో ముట్టుకోకముందే చెవికి తెలుస్తుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ సంగీతం నాకు పట్టింది ఆ చెవితోనే.

మొదటి క్యాసెట్ సంగతి చెప్తాను. 1991లో అనుకుంటాను, ఒక ఆదివారం సంతలో ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్లు పోసి అమ్ముతున్నారు. అట్ట మీద బొమ్మ బాగుందని ఒకటి కొన్నాను. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండు రాక్ బృందం వాళ్ళ మొదటి ఆల్బమ్, 1967లో వచ్చింది. పేరు 'ది పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్'. నాకప్పటికి ఇంగ్లీషు పాటలంటే హోటళ్ళలో వినిపించేవే తెలుసు. రూముకు పోయి రెండు స్పీకర్ల టేప్ రికార్డర్లో పెట్టాను. కొన్ని పాటలు అయినాక 'ఇంటర్‌స్టెల్లర్ ఓవర్‌డ్రైవ్' అనేది మొదలైంది. అందులో పాట లేదు, మాట లేదు. గిటారు మీద మెట్లు దిగుతున్నట్టు ఒక ముక్క వస్తుంది, బలంగా, రెండు మూడు సార్లు. ఆ తర్వాత అది విడిపోతుంది. తాళం జారిపోతుంది. ఎవరికి వాళ్ళు ఎటో పోతున్నట్టు ఉంటుంది. ఐదు నిమిషాలు, ఆరు నిమిషాలు, ఏడు నిమిషాలు. చివర్లో ఆ మెట్ల ముక్క తిరిగొచ్చింది. వచ్చేటప్పుడు మొత్తం శబ్దం ఎడమ స్పీకరు నుంచి కుడి స్పీకరుకు, మళ్ళీ ఎడమకు ఊగిపోవడం మొదలైంది.

నేను చేసే పని అది కాబట్టి నాకు వెంటనే అర్థమైంది: స్పీకరు వైరు లూజైంది. స్క్రూలు విప్పి, రెండు వైపులా సోల్డరింగ్ మళ్ళీ వేసి, హెడ్డు స్పిరిట్‌తో తుడిచి, వెనక్కి తిప్పి పెట్టాను. మళ్ళీ అక్కడే ఊగింది. వేరే క్యాసెట్ పెట్టి చూస్తే బాగానే ఉంది. అప్పుడు తెలిసింది, వాళ్ళు కావాలనే అట్లా చేశారని. లండన్‌లో ఒక స్టూడియోలో కూర్చుని, శబ్దాన్ని ఈ చెవి నుంచి ఆ చెవికి చేత్తో తోశారని. ఆ రాత్రి ఆ ముక్క ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టలేదు. రిపేరు కోసం మొదలుపెట్టినవాణ్ణి, కాసేపటికి ఎందుకు వింటున్నానో మర్చిపోయి వింటూ కూర్చున్నాను.

తర్వాత ఏళ్ళ మీద నాకు అర్థమైంది ఇది. మనం మామూలుగా పాట వినేటప్పుడు స్వరాలు కదులుతుంటాయి, వాటిని మోసే శబ్దం స్థిరంగా ఉంటుంది. వీణ వీణలాగే ఉంటుంది, గొంతు గొంతులాగే ఉంటుంది, దాని మీద పాట నడుస్తుంది. మన మనసు పాట వెంట పోతుంది. సైకడెలిక్ సంగీతంలో దీన్ని తిరగేశారు. స్వరాన్ని నిలబెట్టేశారు. ఒకే శ్రుతి, ఒకే చిన్న ముక్క, పది నిమిషాలు. అప్పుడు కదలాల్సింది శబ్దమే. స్వరం నిలబడితే నాదం కదులుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. కానీ మాటగా చెప్తే పట్టుకోవడం కష్టం, కాబట్టి ఒకటి వినిపిస్తాను.

(ఇక్కడ ఫోనులో తంబూరా పెట్టి రెండు నిమిషాలు వినిపించారు.)

తంబూరాలో మీటేది రెండే స్వరాలు. పంచమం, షడ్జమం. కానీ మీలో కొందరు తల ఊపుతున్నారు. మీకు ఇంకో స్వరం వినబడింది కదా? అంతర గాంధారం. దాన్ని ఎవరూ మీటలేదు. స్వయంభూ గాంధారం అంటారు మన పెద్దలు. దానంతట అదే పుట్టింది కాబట్టి.

అదెట్లా పుడుతుందో నా పని భాషలో చెప్తాను. మన కరెంటు 50 హెర్ట్జ్. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పాడేది దానికి రెట్టింపు, 100. మూల వంద అయితే, దాని మీద రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందలు, ఐదు వందలు, ఇట్లా పైకి పలుకుతుంటాయి. ప్రతి తీగా అంతే. ఒక్క స్వరం అనుకునేది ఒక్కటి కాదు, ఒక గుంపు. వందను షడ్జమం అనుకోండి. మూడు వందలు పై స్థాయి పంచమం. ఐదు వందలు ఆ పై స్థాయి అంతర గాంధారం. చాలా వాద్యాల్లో ఈ గుంపు షడ్జమంలో కలిసిపోయి ఉంటుంది, విడిగా కనబడదు. తంబూరాలో గుర్రం మీద, అంటే తీగలు ఆని ఉండే చెక్క మీద, తీగ కింద ఒక సన్నటి నూలు దారం పెడతారు. దాన్ని కొంచెం అటూ ఇటూ జరిపితే ఒక చోట తీగ ఒక్కసారిగా తేనెటీగల్లా పాడుతుంది. అప్పుడు జీవం వచ్చిందంటారు. ఆ గుంపులో ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, కనబడి, వెనక్కి పోతారు.

దీని మీద పరిశోధన చేసినాయన మన పక్కనే ఉండేవారు. సి.వి. రామన్ గారు. ఇక్కడి నుంచి సదాశివనగర్ వైపు పోతే ఆయన 1948లో పెట్టిన సంస్థ ఉంది. అంతకు చాలా ముందు, కలకత్తాలో ఉన్నప్పుడు, 1921లో ఆయన మన తీగ వాద్యాల మీద ఒక వ్యాసం రాశారు. యూరపులో అప్పటికి ఒక సూత్రం ఉంది. తీగలో ఏదైనా ఒక అంశకు, అంటే ఆ గుంపులో ఒకదానికి, కదలిక లేని చోటు ఎక్కడుందో సరిగ్గా అక్కడ మీటితే, ఆ అంశ పలకకూడదు. ఉదాహరణకు తీగను నట్టనడుమ మీటితే రెండు వందలు వినబడకూడదు. రామన్ గారు తంబూరా మీద, వీణ మీద అట్లా మీటి చూశారు. పలకకూడనిది గట్టిగా పలికింది. గుర్రం వంపుగా ఉండడం, తీగ దాన్ని తాకుతూ వదులుతూ ఉండడం వల్ల ఇది జరుగుతుందని ఆయన చెప్పారు. లేదనుకున్న స్వరాన్ని పలికించే పద్ధతి ఆ గుర్రంలో ఉందన్నమాట, మన వడ్రంగులకు అది ఎప్పటి నుంచో తెలుసు.

ఇప్పుడు 1966 ఏప్రిల్‌కు, లండన్‌కు పోదాం. బీటిల్స్ బృందం ఈఎంఐ స్టూడియోలో ఒక పాట మొదలుపెట్టింది. 'టుమారో నెవర్ నోస్'. ఈ సంగీతానికి అది పెద్ద మలుపని నేను గట్టిగా నమ్ముతాను. పాట మొత్తం ఒకే ఆధార షడ్జమం మీద నిలబడి ఉంటుంది. కింద తంబూరా మోగుతుంటుంది, అవును, మన తంబూరానే. అంటే వాళ్ళు ముందు స్వరాన్ని నిలబెట్టారు. తర్వాత దాని మీద శబ్దాన్ని కదిలించారు. టేపు ముక్కలు కత్తిరించి, కొసలు అతికించి, చక్రాల్లా చేశారు. ఒక్కో చక్రంలో ఒక్కో శబ్దం. సముద్రపు పక్షుల అరుపులా వినబడేది నిజానికి వేగం పెంచిన మనిషి నవ్వు. స్టూడియో భవనంలో వేర్వేరు గదుల్లో టేపు యంత్రాలు పెట్టి, టేపు వదులు కాకుండా ఉద్యోగులు పెన్సిళ్ళతో లాగి పట్టుకుని నిలబడ్డారు. ఆ శబ్దాలన్నీ ఒక బల్ల దగ్గరికి వస్తుంటే, అప్పటికప్పుడు ఏది పైకి తేవాలో, ఏది తగ్గించాలో చేత్తో నడిపారు. కాబట్టి ఆ మిక్సింగ్ కూడా ఒక కచేరీయే. మళ్ళీ చేయమంటే అచ్చం అట్లా రాదు. ఆ పనిలో ఉన్న సౌండ్ ఇంజనీరు జెఫ్ ఎమెరిక్‌కు అప్పుడు ఇరవై ఏళ్ళు.

ఆ పాటలో ఇంకోటి ఉంది. గాయకుడు జాన్ లెనన్ తన గొంతు దలైలామా కొండ మీద నిలబడి పాడుతున్నట్టు ఉండాలని అడిగాడు. ఎమెరిక్ ఆ గొంతును లెస్లీ స్పీకరులోకి పంపాడు. అది ఆర్గాన్ కోసం చేసిన పెట్టె. లోపల శబ్దం వచ్చే కొమ్ము మోటారుతో గిరగిరా తిరుగుతుంటుంది. హిందూపురం స్టేషన్లో నిలబడితే ఆగకుండా పోయే రైలు కూత మన దగ్గరికి వచ్చేదాకా ఒక శ్రుతిలో ఉండి, దాటగానే కిందికి జారుతుంది, విన్నారు కదా? కొమ్ము మన వైపు తిరిగినప్పుడు శ్రుతి ఇంత పైకి, అవతలికి తిరిగినప్పుడు ఇంత కిందికి. సెకనుకు అయిదారు సార్లు. గొంతు నిలబడే ఉంది, అయినా దాని లోపల రైళ్ళు వచ్చిపోతున్నాయి. మోటారు ఆపితే అది నెమ్మదిగా ఆగుతుంది, ఆ ఆగడం కూడా వినబడుతుంది. మోటార్లతో బతికినవాడికి ఆ మందగించడం విన్నప్పుడు కలిగే సంతోషం మీకు ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

ఇట్లాంటి పరికరాల గురించి చెప్పమంటే రాత్రి దాకా చెప్తాను, రెండు మూడు మాత్రం చెప్తాను. బిన్సన్ ఎకోరెక్ అని ఇటలీలో తయారైన ఎకో యంత్రం ఉండేది. పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు చాలా వాడారు. అందులో టేపు ఉండదు. తిరిగే అయస్కాంత చక్రం ఉంటుంది, దాని చుట్టూ హెడ్లు. ఒక హెడ్డు రాస్తే తర్వాతి హెడ్లు ఒక్కో క్షణం ఆలస్యంగా చదువుతాయి. ఒక్కసారి మీటితే నాలుగైదు సార్లు వస్తుంది, ప్రతిసారీ కొంచెం మసకబారి. గుహలో కేక వేసినట్టు. ఇంకోటి, ఫజ్. ఆంప్లిఫయర్‌కు మోయలేనంత సిగ్నల్ ఇస్తే అలల తలలు తెగిపోతాయి. తలలు తెగిన అలలో కొత్త అంశలు పుడతాయి, ఇందాక చెప్పిన మూడు వందలు, ఐదు వందలు, ఏడు వందలు. అందుకే ఫజ్ గిటారు తంబూరాలా, నాదస్వరంలా మోగుతుంది. శబ్దం పాడైందని కొందరంటారు. నాకు అందులో గుంపు బయటికి వచ్చింది.

తిరగేసిన టేపు గురించి కూడా ఒక్క మాట. గిటారు మీటితే ముందు గట్టిగా పుట్టి నెమ్మదిగా ఆరిపోతుంది. టేపు వెనక్కి నడిపితే ఎక్కడి నుంచో సన్నగా మొదలై, పెరిగి పెరిగి, పుట్టే చోట ఠక్కున ఆగిపోతుంది. 1967లో గిటారిస్టు జిమి హెండ్రిక్స్ మొదటి ఆల్బమ్ చివరి పాటలో ఇది వినండి. లోకంలో ఏ వస్తువూ అట్లా మోగదు. ఒకసారి విన్నాక, మామూలు గిటారు ఆరిపోయే తీరును కూడా మీరు గమనిస్తారు, అంతకు ముందు ఎప్పుడూ గమనించి ఉండరు.

ఇప్పుడు సమయం గురించి. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బృందం ఉండేది. 1965 నుంచి 1995 దాకా రెండు వేలకు పైగా కచేరీలు చేశారు. వాళ్ళ 'డార్క్ స్టార్' అనే పాట 1968లో రికార్డుగా వచ్చినప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు. 1969 ఫిబ్రవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించినది 23 నిమిషాలు. పాట అదే. మాటలు ఒకటి రెండు చరణాలు. మిగతా సమయమంతా ఏం చేశారు? మన కచేరీకి పోయేవాళ్ళకు ఇది కొత్త ప్రశ్న కాదు. ఆలాపనలో ఏం చేస్తారో అదే. ఆ పాట నడిచే స్వరాలు చూస్తే దాదాపు మన హరికాంభోజి రాగం మెట్టు, అంటే ఆ స్వరాల వరుస. రాగం అనను, గమకాలు లేవు, సంచారాల నియమం లేదు. మెట్టు మాత్రం అదే. ఇందాకటి బీటిల్స్ పాట కూడా ఆ మెట్టే. చెవికి అంత పరిచయం అనిపించడానికి అదొక కారణం అనుకుంటాను.

ఇక్కడ చామరాజపేటలో కోట హైస్కూలు మైదానంలో రామనవమి కచేరీలు జరుగుతాయి. రామసేవా మండలి వాళ్ళు 1939 నుంచి చేస్తున్నారు. నేను తొంభైల్లో పని అయినాక అక్కడికి పోయేవాణ్ణి. ఒకసారి పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. కన్నడం ఆయన, నాతో తెలుగులోనే మాట్లాడారు. ఆలాపన జరుగుతోంది. గాయకుడు నిషాదం దగ్గర తిరుగుతున్నాడు, పై షడ్జమానికి పోవడం లేదు. పెద్దాయన నా మోకాలి మీద చెయ్యి వేసి, "ఇంకా తాకలేదు చూడండి" అన్నారు. రెండు నిమిషాలకు మళ్ళీ, "ఇంకా తాకలేదు". తాకినప్పుడు ఆయన చేయి తీసేశారు, కళ్ళలో నీళ్ళు. ఆ రాత్రి రూముకు పోయి డార్క్ స్టార్ పెట్టుకుంటే మొదటిసారి దాని దారి తెలిసింది. వాళ్ళు మూలముక్క చుట్టూ తిరుగుతారు, దానికి దగ్గరగా వస్తారు, ముట్టుకోకుండా పక్కకు పోతారు. పది నిమిషాలకు, పన్నెండు నిమిషాలకు ముట్టుకుంటారు. నాకు ఎవరూ మోకాలి మీద చెయ్యి వేయలేదు గానీ, నేను లోపల అనుకున్నాను, ఇంకా తాకలేదు అని.

ఈ బృందం శ్రోతల్లో కచేరీలు రికార్డు చేసుకునేవాళ్ళు ఎంతమంది అయ్యారంటే, 1984 నుంచి వాళ్ళ కోసం హాల్లో ప్రత్యేకంగా చోటు కేటాయించారు. ఆ టేపులు అమ్మకూడదు, ఒకరికొకరు ఇచ్చుకోవాలి. అందుకే ఒకే పాట ఫలానా తేదీన ఎట్లా వాయించారు, ఫలానా ఊళ్ళో ఎక్కడ విరిచారు అని పోల్చి మాట్లాడుకునే శ్రోతలు తయారయ్యారు. మన తోడి రాగం రసికుల లాగానే. ఈ సంగీతాన్ని ఒకసారి విని ఊరుకునేవాడికి అది పొడుగైన గోల. ముప్పైసార్లు విన్నవాడికి అందులో ఇళ్ళూ వీధులూ తెలుస్తాయి. ఎనిమిదో నిమిషంలో బేస్ గిటారు ఒక్కటే ముందుకు వస్తుందని తెలుసు, దాని కోసం ఎదురుచూస్తాడు. తెలిసినా వచ్చినప్పుడు ఒళ్ళు ఝల్లుమంటుంది.

చిన్నప్పటిది ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో రామాలయంలో ఏకాహం చేసేవాళ్ళు. తెలుసు కదా, ఒక పొద్దు నుంచి మర్నాటి పొద్దు దాకా నామం ఆగకూడదు. గుంపులు గుంపులుగా మారతారు, హార్మోనియం మీద శ్రుతి అట్లాగే ఉంటుంది, తాళాలు అట్లాగే. అమ్మ రాత్రి గుంపులో ఉండేది. నేను ఆమె పక్కన చాప మీద పడుకునేవాణ్ణి. ఏడెనిమిదేళ్ళు ఉంటాయి. రాత్రి రెండు, మూడు గంటలకు మెలకువ వచ్చేది. ఆ సమయానికి నామం నామంగా వినబడేది కాదు. అదే మాట వేల సార్లు తిరిగాక అర్థం జారిపోయి, ఉత్త శబ్దం మిగిలేది. ఆ శబ్దం లోపల నాకు ఇంకేవో మాటలు వినబడేవి, ఎవరో పిల్లలు పాడుతున్నట్టు, దూరంగా నీళ్ళు పారుతున్నట్టు. భయం వేసేది కాదు. హాయిగా ఉండేది. మళ్ళీ నిద్ర పట్టేది, లేస్తే ఇంకా అదే నామం. ఎంతసేపు పడుకున్నానో తెలిసేది కాదు.

సైకడెలిక్ సంగీతంలో నేను వెతుక్కునేది ఆ చాప మీది గంట అని నాకు యాభై దాటాక తెలిసింది. జర్మనీలో కాన్ అనే బృందం 1971లో ఒక ముక్క వాయించింది, 18 నిమిషాలకు పైన. డ్రమ్ము ఒకే దరువు వాయిస్తూ పోతుంది. మొదటి మూడు నిమిషాలు దరువు వింటాను. తర్వాత దరువు వినడం ఆగిపోతుంది. పక్కన ఉండే చిన్న చిన్న శబ్దాలు పెద్దవవుతాయి. ఎప్పుడో పదిహేనో నిమిషంలో దరువు మళ్ళీ వినబడుతుంది, అది ఇంతసేపూ అక్కడే ఉంది. ఆ క్షణం కోసం నేను మొత్తం 18 నిమిషాలు కూర్చుంటాను.

ఇప్పుడు అమ్మగారు అడిగిన మత్తు మాట. దాచడానికి ఏమీ లేదు. సైకడెలిక్ అనే మాటను 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే డాక్టరు తయారు చేశాడు. గ్రీకు మాటల నుంచి, మనసును బయటపెట్టేది అనే అర్థంలో. ఎల్‌ఎస్‌డీ లాంటి మందుల కోసం పెట్టిన పేరు అది. 1966, 67ల్లో ఈ సంగీతం చేసినవాళ్ళలో చాలామంది అవి తీసుకున్నారు, తామే చెప్పారు. దాని ఖరీదు కూడా ఉంది. నా ఆ మొదటి క్యాసెట్‌లో గిటారు వాయించిన సిడ్ బారెట్ 1968కల్లా తన బృందంలో ఉండలేని స్థితికి వచ్చాడు. ఆ మందుల వాడకం కూడా ఒక కారణమని తోటివాళ్ళు చెప్పారు. ఆ క్యాసెట్ వింటున్నప్పుడు ఇప్పటికీ నాకు ఆ సంగతి గుర్తొచ్చి బాధగా ఉంటుంది. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు.

పండిట్ రవిశంకర్ గారు 1967 జూన్‌లో అమెరికాలోని మాంటెరేలో జరిగిన సంగీతోత్సవంలో వాయించారు. రాక్ బృందాల మధ్యలో కాకుండా తనకు విడిగా మధ్యాహ్నం సమయం కావాలని అడిగి తీసుకున్నారు. మన సంగీతాన్ని మత్తుతో ముడిపెట్టడం ఆయనకు చాలా బాధ కలిగించింది, ఆ మాట అనేకసార్లు గట్టిగా చెప్పారు. అదే ఉత్సవంలో హెండ్రిక్స్ వేదిక మీద తన గిటారుకు నిప్పు పెట్టడం ఆయనకు అసలు నచ్చలేదు. వాద్యం ముందు దండం పెట్టుకునే మనకు అది ఎందుకు నచ్చదో వేరే చెప్పక్కర్లేదు. నాకు హెండ్రిక్స్ అంటే ప్రాణం, అయినా ఈ విషయంలో నేను రవిశంకర్ గారి పక్షమే. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ కోసం జరిగిన కచేరీలో రవిశంకర్ గారూ తోటివారూ శ్రుతి చేసుకుంటుంటే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేయడమే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని ఆయన అన్నారు. ఆ మాటకు అందరూ నవ్వుతారు. నేను ఆ జనాన్ని తప్పు పట్టను. తీగలు కలిసే ఆ నిమిషంన్నరలో వాళ్ళు నాదాన్ని విన్నారు, అది చప్పట్లకు తగిందే.

నా వరకు నేను ఆ మందుల జోలికి పోలేదు, పోవాలని అనిపించలేదు. ఏకాహంలో మా అమ్మ తాగింది బెల్లం నీళ్ళు. నామాన్ని మరిపించేది తిరగడమే. టేపు చక్రం చేసేదీ అదే పని.

మిగతా దేశాల సంగతి తొందరగా చెప్తాను. టర్కీలో ఎర్కిన్ కొరాయ్ వాళ్ళ పల్లె వాద్యం బాగ్లమాకు కరెంటు పెట్టాడు. బ్రెజిల్లో ఊస్ ముతాంచిస్ అనే బృందం ఉంది. మన దగ్గర నాట్యకారుడు ఉదయశంకర్ గారి అబ్బాయి ఆనంద శంకర్ 1970లో సితార్‌నూ, కరెంటుతో శబ్దాలు పుట్టించే మూగ్ సింథసైజర్‌నూ కలిపి ఒక ఆల్బమ్ చేశాడు, దొరికితే వదలొద్దు. ఇక బెంగళూరు కుర్రవాళ్ళు ఊరి బయట తోటల్లో రాత్రంతా వినే సైట్రాన్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీతం గురించి మా అమ్మాయి నన్ను అడుగుతుంటుంది. అది నిమిషానికి 140 దెబ్బలకు అటూ ఇటూగా పోతుంది. దాని మీద మంచి పని చేసినవాళ్ళు ఉన్నారు. నాకు మాత్రం అందులో దరువు ఎప్పుడూ ముందే నిలబడి ఉంటుంది, మాయం కాదు. అది మాయం కాకపోతే నాకు వెనక ఉన్నది వినబడదు.

మన దగ్గర ఇంకా పది నిమిషాలు ఉన్నాయన్నారు. ఏమైనా అడగాలంటే అడగండి. ఆ తర్వాత ఒకటి వినిపిస్తాను.

(శ్రోతల్లో ఒకరు: హెడ్‌ఫోన్‌లో వినాలా, స్పీకర్లలోనా?)

రెండూ వేరు బాబూ. హెడ్‌ఫోన్‌లో ఎడమ కుడి ఆట బాగా తెలుస్తుంది. స్పీకర్లలో ఒళ్ళు కూడా వింటుంది, బేస్ కడుపులో తెలుస్తుంది. ఫోను స్పీకరులో మాత్రం వద్దు. అందులో కింది స్వరాలు రావు, కింది స్వరాలు లేకపోతే నిలబడేది ఏదీ ఉండదు, కదిలేది దేని మీద కదులుతుంది? కొత్తవాళ్ళయితే రాత్రి, పని ఏమీ లేనప్పుడు, ఒక్క ముక్క పెట్టుకోండి. వంట చేస్తూ, మెసేజీలు చూస్తూ వింటే అందులో ఏమీ దొరకదు.

(అమ్మగారు: నాకు మధ్యలో నిద్ర వస్తే?)

వస్తే పడుకోండమ్మా. ఏకాహంలో మేమంతా పడుకున్నవాళ్ళమే. లేచేసరికి అది ఇంకా జరుగుతుంటుంది. మీకు పోయింది ఏమీ ఉండదు.

ఇప్పుడు వినిపించేది పింక్ ఫ్లాయిడ్ వాళ్ళదే, 'ఎకోస్', 1971. ఇరవై మూడున్నర నిమిషాలు. మొదట ఒక్క పియానో స్వరం, లెస్లీ పెట్టెలోంచి వస్తుంది. నీటి చుక్క పడినట్టు. మళ్ళీ ఇంకో చుక్క. పాట ఎప్పుడు మొదలవుతుందని చూడకండి, ఆ చుక్క లోపల ఏం తిరుగుతోందో వినండి. నడుమ చాలాసేపు తాళం లేకుండా ఉత్త గాలి, కాకుల అరుపులు లాంటివి వస్తాయి. అక్కడే లేచి పోవాలనిపిస్తుంది, కొంచెం ఆగండి. ఆ గాలిలోంచి మొదటి చుక్క మళ్ళీ వస్తుంది.

ఆ ట్యూబ్‌లైటు ఒకటి ఆపేయండి, దాని చోక్ మోగుతోంది. గోడ పక్కన కూర్చున్నవాళ్ళు కుర్చీలు కొంచెం మధ్యకు జరుపుకోండి, రెండు స్పీకర్లూ మీకు సమానంగా అందాలి. అమ్మా, మీరు ఇటు రండి, ఈ కుర్చీలో కూర్చోండి.